తెర మీద డాక్టరు చెప్పిందంతా వైద్యమేనా?

తమ్ముళ్లూ! రాత్రి భోజనాలయ్యాక టీవీ గదిలో పాటలు చూసినట్టే ఆరోగ్య కార్యక్రమాలూ చూస్తాం. తెల్లకోటు వేసుకున్నాయన చెబితే నిజమే అనుకుంటాం. మా నాన్న కూడా అలాగే అనుకున్నారు. టీవీలో చూసిన పొడి తెప్పించుకుని, ఆస్పత్రిలో ఇచ్చిన షుగరు మాత్రలు మానేశారు. కాలికి పుండు పడి, రెండు వేళ్లు తీసేశాకగానీ మాకు సంగతి తెలియలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒక ఉదాహరణ

అమెరికాలో 2009 నుంచి 2022 వరకు ‘డాక్టర్ ఆజ్ షో’ వచ్చింది. దాన్ని నడిపిన మెహ్మెత్ ఆజ్ నిజంగానే గుండె ఆపరేషన్లు చేసిన డాక్టరు. 2012లో ఆయన, పచ్చి కాఫీ గింజల సారం బరువు తగ్గిస్తుందని గొప్పగా చెప్పారు. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి.

దానికి చూపిన పరిశోధన మన బెంగళూరులో జరిగింది. పాల్గొన్నది కేవలం 16 మంది. డబ్బు పెట్టింది ఆ సారం తయారుచేసే కంపెనీయే! బరువుల లెక్కలు మార్చి రాశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో ఆరోపించింది. కంపెనీ 35 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ పరిశోధన వ్యాసాన్ని కూడా అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. సెనేట్ కమిటీ ముందు ఆజ్, తాను కొన్ని మాటలు అలంకరించి చెప్పానని ఒప్పుకున్నారు.

లెక్క ఏం చెబుతోంది?

2013లో ప్రసారమైన ఆ షో ఎపిసోడ్లు 40 తీసుకుని కెనడా పరిశోధకులు పరిశీలించారు. ఫలితాలు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. అందులోని సలహాల్లో 46 శాతానికి ఆధారం ఉంది. 39 శాతానికి ఆధారం దొరకలేదు. 15 శాతం ఉన్న ఆధారాలకే విరుద్ధం. అంటే అన్నీ అబద్ధాలు కావు. ఏది నిజమో చూసేవాడికి తెలియకపోవడమే ప్రమాదం.

ఎందుకిలా?

‘మితంగా తినండి, నడవండి, మాత్రలు ఆపకండి’ అని రోజూ చెబితే ఎవరు చూస్తారు? చూసేవాళ్లు ఛానెల్ మార్చకుండా ఉండాలంటే రోజుకో వింత కావాలి. ‘ఇది ఇంకా తేలలేదు’ అనే మాట అక్కడ నిలవదు. మన దగ్గర డబ్బు కట్టి సమయం కొనుక్కుని నడిపే కార్యక్రమాలూ ఉన్నాయి. చూడటానికి అవి ప్రకటనల్లా ఉండవు. మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. అయినా మన జాగ్రత్త మనకు ఉండాలి.

అడగవలసిన ప్రశ్నలు

1. చెప్పేవారికి దాన్ని అమ్మితే లాభం ఉందా?
2. ఎంతమంది మీద పరీక్షించారు? డబ్బు ఎవరిచ్చారు?
3. వాడుతున్న మందు మానేయమంటున్నారా? అయితే ముందు పీహెచ్‌సీ డాక్టరును అడగాలి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఈ మూడూ చెప్పండి. మన ఇళ్లలో చీటీ చదివి చెప్పగలిగింది చాలాసార్లు మనమే కదా!