బాలక్రీడయే తొలి నాట్యం

కొన్నేళ్ళ క్రితం శ్రీకృష్ణాష్టమినాడు మా ఊరి ఆలయ మండపంలో నా మనుమనికి బాలకృష్ణుని వేషం వేయించాను. వానికప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. ధ్యానశ్లోకాన్ని నెల దినాలు వల్లె వేయించినదీ నేనే, అట్ట కిరీటాన్ని దారంతో తలకు బిగించినదీ నేనే. తీరా మైకు ముందు నిలిపేసరికి వాని నోట మాట రాలేదు, వేణువు పట్టిన చేయి కదలలేదు. సభలోనివారు ముచ్చటపడి నవ్వారు. ఆ నవ్వు వానికి ముచ్చటగా వినిపించలేదు. ఆపైన కొన్ని నెలలపాటు గుడికి వెళదామంటే చాలు, తల్లి కొంగు వెనుక దాగేవాడు. దైవసన్నిధికి చేరువ చేయబోయి పసివానిని దూరం చేశాను.

శాస్త్రమెరుగనివాడైతే ఈ పొరపాటు క్షమార్హం. నేను నాట్యశాస్త్రం పాఠం చెప్పినవాడిని. అందులో ప్రథమాధ్యాయంలోనే, ఇంద్రాదిదేవతలు బ్రహ్మను సమీపించి చూడటానికీ వినటానికీ తగిన ఒక క్రీడనీయకం కావాలని అడిగినట్లు భరతముని చెప్పాడు. క్రీడనీయకమంటే ఆటవస్తువు. ఋగ్వేదం నుండి పాఠ్యాన్ని, సామం నుండి గీతాన్ని, యజుస్సు నుండి అభినయాన్ని, అథర్వం నుండి రసాన్ని గ్రహించి బ్రహ్మ నాట్యవేదాన్ని నిర్మించాడని సభలలో ఘనంగా చెబుతాం. ఆటవస్తువు కావాలన్న కోరికకే అది ఫలమన్న సంగతి మరుస్తాం. అక్కడే మరొక విశేషముంది. ఇంద్రధ్వజోత్సవంలో తొలి ప్రయోగం జరుగుతుండగా విఘ్నులు వచ్చి నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేశారట. నా మనుమనికి స్తంభించినవి ఆ మూడే. అక్కడి విఘ్నుడెవరో వేరే చెప్పనక్కరలేదు.

మరి పసివారికి అభినయాన్ని పరిచయం చేసే తీరు ఎట్టిది? శ్రీమద్భాగవత దశమస్కంధంలో అఘాసురవధకు ముందరి ఘట్టం చూడండి. శ్రీకృష్ణునితో కూడి గోపబాలురు దూడలను తోలుకొని వనానికి బయలుదేరారు. దారిలో కొందరు తుమ్మెదలతో ఝంకారం చేశారు, కొందరు కోకిలలతో కూశారు. పక్షుల నీడల వెంట పరుగెత్తారు. హంసలతో నడిచారు, కొంగలతో కూర్చున్నారు, నెమళ్ళతో ఆడారు, కోతులను చూసి మూతులు వంకరలు తిప్పారు, కప్పలతో గెంతారు. నీటిలోని తమ నీడలను చూసి నవ్వారు, ప్రతిధ్వనులను తిట్టారు. ఈ లీల కౌమారంలో జరిగినదని శుకయోగీంద్రుడే అంటాడు. కౌమారమంటే అయిదేండ్ల లోపు ప్రాయం, అనగా నేడు మనం బడికి పంపక ముందరి వయస్సు. ఆ బాలురకు ఎవరూ సంభాషణలు వల్లె వేయించలేదు. కప్పను చూశారు, కప్పలైపోయారు.

ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికమని అభినయం నాలుగు విధాలు. పసివానికి ఆంగికమే ప్రధానమని నా తలంపు. వాచికం మాటలతో గాక ధ్వనులతో మొదలుకావాలి: ఏనుగు ఘీంకారం, గాలి హోరు, గంట మ్రోత. ఆహార్యానికి ఒక ఉత్తరీయం చాలు. రాసక్రీడలో స్వామి అంతర్హితుడైనప్పుడు గోపికలు తన్మయత్వంతో ఆయన లీలలను అభినయించారు కదా! ఒకతె పూతన అయింది, ఒకతె శకటమైంది, వేరొకతె పైవస్త్రాన్ని ఒంటిచేత ఎత్తి అదే గోవర్ధనమన్నది. కిరీటాలూ కృత్రిమాభరణాలూ సమర్పించే దాతలు, పిల్లలకోసం నాలుగు మెత్తని పాతచీరలు కూడ ఇప్పిస్తే సంతోషిస్తాను. సాత్త్వికం జోలికి మాత్రం పోవద్దు. అశ్రువులు, కంపం పసివానికి నేర్పవలసినవి కావు. నేను నేర్పకనే ఆనాడు వచ్చాయి.

గజేంద్రమోక్షం ఇందుకు మిక్కిలి అనువైన కథ. మొదటిరోజు ఊరక చెప్పండి. మరునాడు నీలిచీర పరచి అదే మడుగనండి. చేయి తొండమవుతుంది, చేటలు చెవులవుతాయి. "ఇలా నడువు" అని శాసించక, "నీళ్ళు చల్లగా ఉన్నాయా? ఏనుగు ఏం చేస్తుంది?" అని అడగండి. నాయనమ్మ కూడ ఆడ ఏనుగై చీర అంచున నిలబడాలి. చూసేవారంటూ ఎవరూ ఉండరాదు, అందరూ ఆడేవారే. పావుగంట మించవద్దు. ఆడనని చూస్తూ కూర్చునే పిల్లవానిని బలవంతపెట్టవద్దు. వాడు లోలోపల ఆడుతూనే ఉంటాడు.

ఉగ్రవేషాల విషయంలో జాగ్రత్త. నరసింహస్వామి ముఖానికి రంగు పూయడం మొదటినుండి పిల్లవాని ఎదుటనే జరగాలి. లోపలున్నది మామయ్యే అని తెలిసినప్పుడు వాడు గర్జనను ఆనందిస్తాడు, తెలియనప్పుడు రాత్రులు ఉలికిపడి లేస్తాడు. కొందరు పిల్లలు హిరణ్యకశిపుని వేషమే కావాలంటారు. తల్లులు నొచ్చుకోనక్కరలేదు, వైకుంఠద్వారపాలకులు ధరించినదీ ఆ వేషమే.

ఆ ఏడే కార్తికమాసంలో ఒక సాయంకాలం నేను అరుగుమీద జపానికి కూర్చొని ఉండగా ఎవరో నా పాదం గట్టిగా పట్టుకున్నారు. చూస్తే మనుమడు, బోర్లాపడి, దుప్పటి కప్పుకొని. "అబ్బా, ఎవర్రా అది?" అన్నాను.

"నేను మొసలిని. అబ్బా అనకూడదు తాతయ్యా, విష్ణుమూర్తిని పిలవాలి," అన్నాడు.

పిలిచాను. చాలలేదట, ఇంకా గట్టిగా పిలవమన్నాడు. వీధిలోనివారు తిరిగి చూసేలా పిలిచాను. అప్పుడు పాదం వదలి, వంటింట్లోకి పరుగెత్తి, చక్రానికి బదులు గిన్నె మూత పట్టుకొని వచ్చాడు.