క్లౌన్ లోచ్‌ను ఇంటికి తెచ్చే ముందు



అక్వేరియం షాపుకి వెళ్తే పిల్లలు వేలు పెట్టి చూపించే చేపల్లో క్లౌన్ లోచ్ ఒకటి. నారింజ రంగు ఒంటి మీద మూడు నల్లని పట్టీలు, ఎర్రటి తోక, మూతి దగ్గర బుల్లి మీసాలు. షాపులో అది రెండంగుళాలే ఉంటుంది. ధర అడిగే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. ఈ చేప అడుగు పొడవు దాకా పెరగగలదు. బాగా చూసుకుంటే 20 ఏళ్లు దాటి బతుకుతుంది. ఒంటరిగా ఉండలేదు. మీ అబ్బాయి ఇప్పుడు ఐదో తరగతి అనుకుంటే, చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, వేరే ఊళ్లో కాపురం పెట్టాక కూడా ఈ చేపలకు మేత వేయాల్సింది మీరే.

పేరు దగ్గర పిల్లలు పొరబడుతుంటారు. ‘ఫైండింగ్ నీమో’ సినిమాలో ఉన్నది క్లౌన్ ఫిష్. అది ఉప్పునీటి చేప. క్లౌన్ లోచ్ మంచినీటిది. ఇండోనేషియాలోని సుమత్రా, బోర్నియో దీవుల నదులు దీని సొంత చోటు. అక్కడ నీళ్లు వెచ్చగా, మెత్తగా ఉంటాయి, పారుతూ ఉంటాయి. వరదల కాలంలో గుంపులుగా ఎదురీది వెళ్లి గుడ్లు పెడతాయి. ఇంటి ట్యాంకులో అవి పిల్లల్ని పెట్టడం దాదాపు జరగదు కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు.

గుంపు అంటే కనీసం ఐదారు. ఒక్కదాన్ని తెస్తే రోజంతా రాయి వెనక దాక్కుని, మేత మానేసి, చిక్కిపోతుంది. ఐదారు పెద్దయ్యాక తిరగడానికి సుమారు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు కావాలి. అందులో ఎన్ని లీటర్లు పడతాయో మీ పిల్లలతోనే లెక్క కట్టించండి. ఘనపరిమాణం పాఠానికి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు. జవాబు దాదాపు 680 లీటర్లు. నీళ్ల బరువే 680 కిలోలు, అద్దం, స్టాండు, రాళ్లు అదనం. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు దీన్ని బాల్కనీలో పెట్టే ఆలోచన మానుకోవాలి.

ఇక నీళ్ల సంగతి. చేప విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది కొంతవరకు తట్టుకుంటుంది, అదీ ప్రతివారం కొంచెం నీరు మారిస్తేనే. మీ పిల్లలు పాఠ్యపుస్తకంలో చదివే నత్రజని వలయం ఇదే. ఈ బ్యాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈరోజు ట్యాంకు కొని, ఈరోజే చేపల్ని వేస్తే అవి అమ్మోనియాలో ఈదుతాయి.

మన ఇళ్లలో రెండు అలవాట్లు ఈ చేప ప్రాణం మీదికి తెస్తాయి. కరెంటు ఆదా అని రాత్రి ఫిల్టర్ ఆపేయడం మొదటిది. ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కరెంటు కోతలు ఉన్నచోట బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. రెండోది, ఆదివారం చేపల్ని బకెట్‌లో వేసి, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, స్పాంజిని కుళాయి కింద తళతళలాడేలా కడగడం. చూడ్డానికి శుభ్రం, చేపకు మాత్రం మళ్లీ మొదటిరోజు! వారానికోసారి నాలుగో వంతు నీరు మారిస్తే చాలు. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక, షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపాకే పోయండి. బోరు నీళ్లు బాగా ఉప్పగా, గట్టిగా ఉంటే కొంత ఆర్‌ఓ నీళ్లతో కలపవచ్చు. అచ్చంగా ఆర్‌ఓ నీళ్లు మాత్రం వద్దు, వాటిలో చేపకు కావలసిన లవణాలు ఉండవు.

తెల్లమచ్చల జబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొత్తగా తెచ్చిన క్లౌన్ లోచ్‌లను ఎక్కువగా పట్టుకునేది ఇదే. షాపుల్లో వైట్ స్పాట్ అంటారు. ఒంటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. ప్రయాణం, నీటి మార్పు, చలి, వీటిలో ఏది కలిగినా బయటపడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హైదరాబాద్‌లోనైనా హీటర్ లేకుండా ఈ చేపను ఉంచకూడదు. నీరు 26 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి.

ఆ చుక్కలు ఒక ఏకకణ పరాన్నజీవివి. అది చర్మం లోపల దాగి తిని, పెద్దదై, రాలి, ట్యాంకు అడుగున ఒక పొరలో చేరుతుంది. అక్కడ ఒకటి వందలుగా చీలి, ఈదుకుంటూ మళ్లీ చేపను వెతుక్కుంటుంది. మందు పనిచేసేది ఆ ఈదే దశలో మాత్రమే. అందుకే మూడో రోజు చుక్కలు పోయాయని మందు ఆపేస్తే, వారం తిరిగేసరికి రెట్టింపు చుక్కలు వస్తాయి. నీటిని గంటల తరబడి మెల్లగా 30 డిగ్రీల దాకా పెంచితే ఈ చక్రం వేగంగా తిరిగి, మందుకు త్వరగా దొరుకుతుంది. వెచ్చటి నీటిలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది కాబట్టి ఎయిర్ పంపు గట్టిగా నడవాలి. చుక్కలు పూర్తిగా పోయాక కూడా కొన్ని రోజులు వైద్యం సాగించండి.

మందు మోతాదు దగ్గర మరీ జాగ్రత్త. ఈ చేప పొలుసులు చాలా చిన్నవి, చర్మంలో కూరుకుని ఉంటాయి. రాగి ఉన్న మందులు, మలకైట్ గ్రీన్ దీనికి త్వరగా హాని చేస్తాయి. సీసా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టడం వాడుక. మందు వేసే పని పెద్దలదే. గ్లవుజులు వేసుకోండి, సీసా పిల్లలకు అందనివ్వకండి. అసలు ఈ తలనొప్పి తగ్గాలంటే, కొత్త చేపల్ని మూడు నాలుగు వారాలు ఒక ప్లాస్టిక్ టబ్బులో, స్పాంజ్ ఫిల్టర్, హీటర్‌తో విడిగా ఉంచడం మేలు.

భయపడక్కర్లేనివీ ఉన్నాయి. క్లౌన్ లోచ్ ఒక్కోసారి పక్కకు ఒరిగి, అచ్చం చచ్చిపోయినట్టు పడుకుంటుంది. కాసేపటికి లేచి తిరుగుతుంది. మేత దగ్గర టిక్ టిక్ అని శబ్దం చేస్తుంది. తమలో తాము పెత్తనం కోసం తోసుకునేటప్పుడు రంగు వెలిసిపోయి బూడిదగా మారుతుంది. ఇవన్నీ దాని తీరే. బాగా తింటున్నా వెన్ను కత్తిలా సన్నబడితే మాత్రం కడుపులో పురుగులేమో చూపించాలి. కంటి కింద మడిచి ఉంచుకునే ముల్లు ఒకటి ఉంది, వలలో ఇరుక్కుంటుంది. వల కంటే డబ్బాతో పట్టుకోవడం నయం. అడుగున మునిగే గుళికలు, దోసకాయ ముక్కలు తింటుంది. నత్తల్ని పీల్చి తినడం చూస్తే పిల్లలు నోరెళ్లబెడతారు. పండక్కి మూడు రోజులు ఊరెళ్తే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు మేత లేకున్నా ఏమీ కాదు. పక్కింటివారికి మేత డబ్బా ఇచ్చి వెళ్లడమే ప్రమాదం, ప్రేమ కొద్దీ ఎక్కువ వేస్తారు.

చేపలు పెరిగి ట్యాంకు చాలకపోతే షాపుకో, పెద్ద ట్యాంకు ఉన్నవారికో ఇవ్వండి. చెరువులో వదలకండి. అక్వేరియంల కోసం తెచ్చిన సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్ ఇప్పుడు మన చెరువుల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది.

అంత చోటు లేదంటారా? చాలా ఇళ్లలో ఉండదు. రెండడుగుల ట్యాంకులో క్లౌన్ లోచ్ వద్దని పిల్లలకు కారణంతో సహా చెప్పండి, లీటర్ల లెక్క చూపిస్తే వాళ్లే ఒప్పుకుంటారు. బదులుగా కుహ్లీ లోచ్ చూడండి. అదే వైపు దేశాలది, పాములా సన్నగా, చారలతో, మూడు నాలుగంగుళాల దగ్గరే ఆగిపోతుంది. అడుగున మెత్తటి ఇసుక వేసి, ఐదారింటిని కలిపి ఉంచాలి. మూత మాత్రం సందు లేకుండా బిగించండి, చిన్న కన్నం దొరికినా బయటపడతాయి.