బెత్సయిదా అంధునికి తోడు వచ్చినవారు

ఈ వారం కుటుంబ ప్రార్థనలో మార్కు సువార్త 8వ అధ్యాయం, 22 నుండి 26 వరకు వచనాలు చదవండి. బెత్సయిదాలో కొందరు ఒక అంధుని యేసువద్దకు తీసుకొనివస్తారు. వారి పేర్లు సువార్తలో లేవు. ప్రభువు అతని చేయి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించి, కన్నులను తాకి, ఏమైనా కనిపిస్తున్నదా అని అడుగుతాడు. మనుష్యులు నడిచే చెట్లవలె ఉన్నారని అతడు ఉన్నదున్నట్లు చెబుతాడు. ప్రభువు విసుగుకొనక మరల తాకుతాడు. అడగటం, నిజమైన జవాబుకు ఓపికపట్టటం, మరల చేయివేయటం: ఈ మూడూ మనం నేర్వవలసినవే.

మన విచారణలలో ఒకరికి చూపు మందగిస్తే సలహాలకు కొదవలేదు. ఒకరు లేజర్ అంటారు, ఒకరు పొన్నగంటి కూర అంటారు, ఇంకొకరు కంట్లో తేనె వేయమంటారు. (తేనె మాత్రం ఎన్నడూ వేయకండి.)

సైటుకు కళ్ళజోడే సులభమైన, క్షేమమైన మార్గం. కాంటాక్టు లెన్సులను కుళాయి నీటితో కడగరాదు, డాక్టరు చెప్పనిదే వాటితో నిద్రించరాదు. లేజర్ అందరికీ తగదు. వయస్సు 18 దాటాలి, కనీసం ఏడాదిగా సైటు మారకుండా ఉండాలి, నల్లగుడ్డుపైని పారదర్శకమైన పొర తగినంత మందం ఉండాలి. చేయించుకున్నా నలభై దాటాక చత్వారం రాకమానదు. సంబంధం కుదరాలని ఆడపిల్లను లేజరుకు తొందరపెట్టే తల్లిదండ్రులు ఇది ఆలోచించాలి. కళ్ళజోడు చూసి పిల్లను వద్దనేవారి చూపులోనే ఏదో లోపమున్నది!

పెద్దలకు వచ్చే శుక్లం చుక్కల మందుతో కరగదు. ఆపరేషన్ చేసి కృత్రిమ కటకం అమర్చుతారు. బాగా ముదిరేదాకా ఆగాలన్నది పాతమాట. నీటికాసులు వేరు. దానివలన పోయిన చూపు తిరిగిరాదు, మిగిలినదానిని కాపాడుకోవాలి. తొలి దశలో నొప్పి లేకుండానే ముదరవచ్చు. రక్తసంబంధీకులకూ వచ్చే అవకాశం ఎక్కువ.

మీ స్నేహితుని తల్లికి నీటికాసులని తేలిందనుకోండి. అతనికి అమ్మను గురించిన దిగులు ఒకటి, తన కళ్ళను గురించిన భయం ఒకటి. ఈ రెండవది పైకి చెప్పడు. "ఏమీ కాదులే, ప్రార్థించు" అని లేచిపోవటం తేలిక. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మౌనంగా అతనితో నేలపై కూర్చున్నంతవరకు మంచివారే, నోరు విప్పాకనే చెడగొట్టారు.

కనుక ఆసుపత్రికి ఏ రోజు వెళ్ళాలో అడిగి, వెంట వెళ్ళండి. మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నది. బంజారాహిల్స్‌లో, "మనదేశం" చిత్ర దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి దాతృత్వంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన నేత్ర వైద్యసంస్థ ఉన్నది. అక్కడ పేదలకు ఉచితంగా చూస్తారు. పరీక్షకు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కొన్ని గంటలు అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ గుచ్చుతుంది. తిరుగు ప్రయాణంలో సికింద్రాబాద్ బస్సు బోర్డు చదివేవారు కావాలి. వెళ్ళినరోజే మీ స్నేహితునికి కూడా ఓ.పి. చీటీ రాయించండి.