ఎక్కాలు రానివాడికి షార్ట్‌కట్లెందుకు?

“మావాడికి లెక్కలొచ్చు సార్, స్పీడే లేదు. షార్ట్‌కట్లు బాగా చెప్పే కోచింగ్ ఏదైనా చెప్పండి.” వారానికో తండ్రి నా దగ్గరికి ఈ మాటతోనే వస్తాడు. పక్కన బీటెక్ ముగించిన కొడుకు. ఆ అబ్బాయిని ఒక్కటే అడుగుతాను: “67ని 48తో హెచ్చవేయి బాబూ, నోటితో.” చెయ్యి ఫోన్ ఉన్న జేబు వైపు పోతుంది.

67 యాభైలు 3350. అందులోంచి రెండు 67లు, అంటే 134 తీసేస్తే 3216. ఇందులో చిట్కా ఏమీ లేదు, ఐదో తరగతి లెక్కే. కుర్రాడికి లేనిది స్పీడు కాదు, ఎక్కాలు.

బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలిస్తారు. ఒక్కోదానికి 35 సెకన్లు కూడా రావు. గేట్, క్యాట్ రాసేవాళ్లకు తెరమీదే కాలిక్యులేటర్ ఉంటుంది. బ్యాంకు, ఎస్ఎస్‌సీ, రైల్వే పరీక్షలకు వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ భాగ్యం లేదు. అర్హతంటారా, పీవోకు ఏదైనా డిగ్రీ, 20 నుంచి 30 ఏళ్ల వయసు. ఇక అడిగే శాతాలు, నిష్పత్తులు, చక్రవడ్డీ, కాలం-పని అన్నీ పదో తరగతిలోపు చూసినవే.

అయినా కోచింగ్ కోసం అశోక్‌నగర్‌కో నంద్యాలకో పరుగు. ఫీజు ఒకసారి కడితే అయిపోతుంది, గది అద్దె, మెస్ బిల్లు నెలనెలా తగులుతుంటాయి. అంత ఖర్చుపెట్టి కూర్చున్నాక అక్కడెవరూ పదిహేడో ఎక్కం చెప్పరు. అది వచ్చనుకునే మొదలుపెడతారు. బోర్డు మీద 97ని 96తో రెండు సెకన్లలో హెచ్చవేసి చూపిస్తే కుర్రాళ్లు నోరెళ్లబెడతారు. రెండూ వందకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఆ చిట్కా అంత బాగా నడిచింది. 67, 48 ఇచ్చినప్పుడు అదే చిట్కా మామూలు గుణకారం కన్నా ఎక్కువ పని పెడుతుంది. పునాది లేనివాడికి షార్ట్‌కట్ అంటే గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో ఫార్ములా, అంతే.

నాకు అసలు ఒళ్లు మండేది ఆరేళ్ల పిల్లల విషయంలో. “ఇప్పట్నుంచి అబాకస్ వేస్తే ఐఐటీకి పనికొస్తుందట కదండీ!” రాదమ్మా. లెవెల్ తర్వాత లెవెల్ ఫీజు కట్టించుకుని, పూసల మీద వేళ్లు చకచకా ఆడించడం నేర్పుతారు. ఆ పిల్లనే మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా అని అడగండి. నాలుగు పెద్దది కాబట్టి నాలుగోవంతే అంటుంది. జేఈఈలో నెగ్గేది సమస్యను విడదీయడం తెలిసినవాడు. బడి నుంచి వచ్చిన పిల్లను కాసేపు ఆడుకోనివ్వండి.

లెక్కలు ఇంట్లోనే ఉన్నాయి. పావు అంటే 25 శాతం, అరపావు పన్నెండున్నర. 640లో పన్నెండున్నర శాతం ఎంతంటే పెన్ను పట్టనక్కర్లేదు, ఎనిమిదోవంతు, 80. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతమని ఊళ్లో అప్పు తెచ్చిన ప్రతివాడికీ తెలుసు, డిగ్రీ చదివిన కొడుక్కి తప్ప.

ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి నా సలహా ఒకటే. ముందు మూడు నెలలు ఊరు కదలొద్దు. పాతిక దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు నోటికి రావాలి. ఆరు నుంచి పదో తరగతి వరకు లెక్కల పుస్తకాలు ముందేసుకుని, ఫోన్ పక్కగదిలో పెట్టి చేయండి. ఆ తర్వాత కూడా కోచింగ్ కావాలనిపిస్తే అప్పుడు రండి, మాట్లాడదాం.