చిన్ననాటి కోరిక – ధ్రువోపాఖ్యానము

భగవత్సన్నిధికి వచ్చు యాత్రికులలో కోరిక లేనివారు బహు కొలదిమంది. ఉద్యోగము, వివాహము, సంతానము, ఆరోగ్యము – ఏదో ఒకటి మనస్సున నుంచుకొనియే మెట్లెక్కుదురు. పైకి చెప్పుటకు సిగ్గుపడు కోరికలును కొన్ని యుండును. ఏబది యేండ్లు దాటిన గృహస్థుడొకడు తన పదియవ యేట చూచిన ఆటవస్తువును ఇప్పటికిని కోరుచున్నాడనినచో వినువారు నవ్వుదురు. అట్టి కోరికను శాస్త్రము కూడ నవ్వి త్రోసివేయునా అన్నది విచారింపదగిన విషయము.

గీతాచార్యుడు 7వ అధ్యాయమున తన్ను ఆశ్రయించు పుణ్యాత్ములను నాలుగు తెగలుగా చెప్పినాడు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. ఆర్తుడనగా రోగపీడితుడనియో, ఆపదలో చిక్కినవాడనియో సామాన్యముగా చెప్పుచుందురు. భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున దీనికి మరింత నిశితమైన అర్థమును చూపినారు. ఉన్న స్థానమును, ఐశ్వర్యమును పోగొట్టుకొని దానిని మరల పొందగోరువాడు ఆర్తుడు. ఇంతవరకు లేనిదానిని క్రొత్తగా కోరువాడు అర్థార్థి. ఇరువురును కోరునది ఐశ్వర్యమునే కనుక వీరి నడుమ భేదము పైపైదే యని వారి అభిప్రాయము. బాల్యమున దక్కని వస్తువును పెద్దవాడై వెదకువాడు ఈ రెండు తెగలలోను చేరును. ఆ వస్తువు ఎన్నడును తనది కాదు గనుక అతడు అర్థార్థి. ఆ బాల్యము ఒకప్పుడు తనదే గనుక ఆర్తుడు కూడ.

ఇందుకు ఈ కాలపు ఉదాహరణ మొకటి కలదు. జపాను దేశమున షిజువోకా నగరమున టమియా అను సంస్థ యున్నది. అది 1946లో కలప వ్యాపారముగా మొదలై, కొయ్యతో నమూనాబొమ్మలు చేసి, పిమ్మట ప్లాస్టిక్కునకు మారి, 1976లో మొదటి రేడియో కంట్రోలు కారును వెలువరించినది. ఇట్టి కారు తయారై రాదు. విడిభాగముల కిట్టుగా పెట్టెలో వచ్చును. కొన్నవాడే కూర్చుండి ఒక్కొక్క మరను బిగించుకొనవలెను. 1984లో ఆ సంస్థ విడుదల చేసిన హార్నెట్ అను బండి, అనగా కందిరీగ, మట్టిలోను ఇసుకలోను ఎగిరి దుముకుచు పోవునది. ఆనాడు అమెరికా, ఇంగ్లండు మున్నగు దేశములలో ఎందరో బాలురు దుకాణపు అద్దము వెనుక నున్న ఆ పెట్టెను చూచుచునే పెరిగిరి. పెట్టె కొన్నంతమాత్రమున బండి నడువదు. రేడియో, బ్యాటరీ, చార్జరు వేరుగా కొనవలెను. అందుచేత సామాన్య కుటుంబములలో తండ్రి "వచ్చే ఏడు చూతము" అనుట సహజము. ఆ వచ్చే ఏడు కొందరికి రానేలేదు.

ఆ బాలురు నేడు ఏబదికి అటునిటు నున్నవారు. సంపాదన గలదు, కోరిక చావలేదు. 2004లో ఆ సంస్థ హార్నెట్‌ను మరల విడుదల చేసినది. కొందరు దానితో తృప్తిపడిరి. మరికొందరికి 1984 నాటి పెట్టెయే కావలెను, అదియు విప్పనిది కావలెను. అది దొరికిన పిమ్మట అసలు చిక్కు మొదలగును. విప్పినచో దాని వెల తగ్గును. విప్పకున్నచో అది కారు కాదు, అట్టపెట్టె మాత్రమే. విప్పకుండ దాచినను కాలము ఊరకుండదు. రబ్బరు టైర్లు గట్టిపడును, ప్లాస్టిక్కు పెళుసెక్కును.

విప్పినవారి అనుభవము మరియొక తీరుగా నుండును. ఈ బండి పైకప్పు స్వచ్ఛమైన పారదర్శక ప్లాస్టిక్కు. దానికి రంగు వెలుపల పూయరాదు, లోపలివైపున పూయవలెను. బయటివారికి పైన కనబడవలసిన చిన్న గీతలను ముందు దిద్ది, అంతటను పరచుకొను పెద్ద రంగును చివరకు వేయవలెను. గోడకు సున్నము వేసి, దానిమీద బొమ్మ గీయుటకు అలవాటుపడిన చేయి ఇచ్చట తడబడును. ఒకసారి పెద్దరంగు పడిన పిమ్మట మరచిన గీతకు చోటుండదు. అన్నియు ముగించి, బ్యాటరీ పెట్టి, పెరటిలో వదలినప్పుడు బండి చక్కగానే పరుగెత్తును. వస్తువులో లోపము లేదు. కాని పందెమునకు పిలువవలసిన నాటి నేస్తులు ప్రక్కన లేరు. "వచ్చే ఏడు చూతము" అన్న తండ్రి ఎందరికో ఈ లోకముననే లేడు. డబ్బుతో వచ్చినది వచ్చినది, రానిది రాలేదు.

ఇట్టి స్థితి క్రొత్తది కాదు. శ్రీమద్భాగవతము చతుర్థస్కంధమున ధ్రువుని చరిత్రము దీనినే చెప్పుచున్నది. ఐదేండ్ల బాలుడు తండ్రి ఒడి కోరినాడు. సవతితల్లి సురుచి, తన కడుపున పుట్టనివానికి ఆ అర్హత లేదని పరుషముగా పలికినది. తండ్రి ఉత్తానపాదుడు వినియు ఊరకుండెను. తల్లి సునీతి కన్నీరు విడిచి, ఆ సురుచి మాటలోని సత్యమునే గ్రహించి, శ్రీహరిని ఆశ్రయింపుమన్నది. దారిలో ఎదురైన నారదుడు మొదట నిరుత్సాహపరచినాడు. ఆటపాటల యందు ఆసక్తి గల పసివానికి మానమేమి, అవమానమేమి అని ఆయన పలుకుట గమనింపదగినది. పెద్దలందరును పిల్లలతో అనుమాట అదియే. ధ్రువుడు వినయముగనే ఆ ఉపదేశము తన మనస్సున నిలువదని చెప్పెను. అంత దేవర్షి మనస్సు కరగి ద్వాదశాక్షరిని ఉపదేశించి, యమునాతీరమున మధువనమునకు పంపినాడు. చిన్నవాని కోరికను చిన్నచేసి చూడకపోవుట గురువునకు తగిన పని. గృహస్థులైన తల్లిదండ్రులకును అది తగును.

ఆ బాలుడు మొదటి నెలలో మూడేసి రాత్రులకొకమారు వెలగపండ్లు, రేగుపండ్లు మాత్రము తినెను. రెండవ నెలలో ఆరేసి దినములకొకమారు గడ్డియు, ఆకులును. మూడవ నెలలో తొమ్మిదేసి దినములకొకమారు నీరు. నాల్గవ నెలలో గాలి. ఐదవ నెలలో ఊపిరి బిగపట్టి ఒంటికాలిపై నిలిచెను. భగవంతుడు ప్రత్యక్షమై, స్తుతింప నెంచియు మాటరాక నిలిచిన ఆ బాలుని చెక్కిలిని శంఖముతో స్పృశించినాడు. కోరినది కాదనలేదు. 36,000 సంవత్సరముల రాజ్యమును, ఆ పైన ఎవ్వరికిని దక్కని ధ్రువస్థానమును ఇచ్చినాడు. అయినను ధ్రువుడు ఇంటిదారి పట్టినది సంతోషముతో కాదు. చక్రవర్తి ఎదుట నిలిచి నూకలు అడిగిన పేదవానివలె, ముక్తినిచ్చువానిని మానము కోరితిననుకొని వగచినాడు. ఒడిలో కూర్చుండవలెనను పట్టుదల అతనిని మధువనమునకు చేర్చినది. అచ్చట కనబడినది వేరు.

ఇచ్చటితో కథ ముగియలేదు, చాలమంది ఇచ్చటనే విడిచిపెట్టుదురు గాని. పిమ్మట తమ్ముడు ఉత్తముడు వేటలో యక్షుని చేతిలో మరణించెను. ధ్రువుడు క్రోధముతో యక్షులను సంహరింపసాగెను. శ్రీహరిని కన్నులార చూచిన వానికిని క్రోధము వచ్చినది. దీనిని పురాణము దాచలేదు. తాత స్వాయంభువమనువు వచ్చి వారించిన మీదట అతడు విల్లు దించెను. మెచ్చిన కుబేరుడు వరము కోరుకొమ్మనెను. ధనాధిపతి ఎదుట నిలిచి ధ్రువుడు ఈమారు శ్రీహరిస్మరణ చలింపకుండ నిలువవలెనని మాత్రమే అడిగెను. మొదటి వరము అడిగినది గాయపడిన పసిమనస్సు. రెండవది అడిగినది దొరికినదేమో, దొరకనిదేమో తెలిసిన మనస్సు. మొదటిది దక్కియుండనిచో రెండవది అడుగుట అతనికి తెలిసెడిది కాదు. కోరినవారిని సైతము ఉదారులని గీతాచార్యుడు ఏల పలికెనో ఈ ఘట్టమున తేటపడుచున్నది.

కడపట బదరికాశ్రమమునకు సునందనందులు విమానము తెచ్చినారు. మృత్యువు శిరముపై పాదముంచి ధ్రువుడు విమాన మెక్కినాడు. అప్పుడు అతనికి రాజ్యము గుర్తుకు రాలేదు, తండ్రి ఒడియు గుర్తుకు రాలేదు. దీనురాలైన తల్లిని విడిచి తానొక్కడే ఎట్లు పోవుదునని తలచినాడు. విష్ణుదూతలు అది గ్రహించి ముందునకు చూపిరి. వేరొక విమానమున సునీతి అతనికంటె ముందుగనే పోవుచున్నది.