చెరువు కట్ట మీద ఎవరి చోటు ఎక్కడ?

ప్రశ్న: మా చెరువు కట్టను సుందరీకరిస్తామంటున్నారు. డ్రాయింగులో కట్టమైసమ్మ గద్దె లేదు, బతుకమ్మలు వదిలే రేవు లేదు. అడిగితే అదంతా సెంటిమెంటు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

జవాబు: సెంటిమెంటేనమ్మా. కానీ దాన్ని కూడా మ్యాపులో గుర్తించవచ్చు. అమెరికాలో నార్త్ కరోలినాలోని మాంటియో అనే చిన్న పట్టణంలో 1980లలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ రాండాల్ఫ్ హెస్టర్ ఆ పనే చేశారు. పర్యాటకం కోసం అక్కడి నీటిగట్టును మార్చాల్సి వచ్చింది. ఆయన బృందం జనాన్ని అడగడంతో ఆగలేదు. ఎవరు ఎక్కడ చేరుతున్నారో, ఎక్కడ నిలబడి మాట్లాడుకుంటున్నారో కళ్లారా చూసింది. పర్యాటకం కోసం దేన్ని వదులుకుంటారు, దేన్ని వదులుకోరు అని తర్వాత విడిగా అడిగింది. తేలినవి గొప్ప కట్టడాలు కావు, పోస్టాఫీసు లాంటి మామూలు చోట్లు. వాటిలో చాలావాటికి వారసత్వ చట్టాల రక్షణే లేదు. ఆ చోట్లన్నీ మ్యాపుకెక్కాకే ప్లాను కుదిరింది.

మీరూ కట్ట మీద పొద్దున, సాయంత్రం చూసి రాసుకోండి. చాకలి బండలు, వలలు ఆరేసే చోటు, గొర్రెలు నీళ్లకు దిగే దారి, ఏదీ వదలొద్దు. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. సభలో వాళ్ల గొంతు వినిపించదు. రేవుకు రెయిలింగు అడ్డమొస్తే బతుకమ్మను నీళ్లలో వదిలేదెలా? ఇలాంటివి ఇంజనీరుకు మీరు చెబితేనే తెలుస్తాయి. గ్రామసభలో తీర్మానం చేయించి, మ్యాపు జతచేసి, టెండరు పిలవకముందే ఇవ్వండి.