సికింద్రాబాద్ స్టేషన్ నేర్పిన సంగతులు

నేను చిలకలగూడలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాయన లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. సికింద్రాబాద్ స్టేషన్ గురించి మా మనవలు అడిగినప్పుడల్లా చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. రైలు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఎవరి అవసరానికి వచ్చిందో తెలుస్తుంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఇక్కడ ఇంగ్లీషు ఫౌజుల ఛావనీ వెలిసింది. 1874లో వాడి జంక్షన్ నుంచి పట్టాలు వచ్చాయి. వాడి బొంబాయి–మద్రాసు లైను మీద ఉంది. అలా ముందు బొంబాయితో కలిశాం. వరంగల్‌కు రైలు 1886లో పోయింది, బెజవాడకు 1889లో. బెజవాడ తెలుగువాళ్ల దగ్గరికి రైల్లో పోవడానికి పదిహేనేళ్లు ఆగాల్సి వచ్చింది.

2. పైసలు ఎవరివో అడగాలి. ఈ లైను నిజాం ఖజానా మీద పడ్డ భారం. 1883లో దాన్ని లండన్ కంపెనీకి అప్పగించి, వాటాదారుల వడ్డీకి నిజాం సర్కారు పూచీ పడే ఒప్పందం తయారైంది. దాని మీద లేచిన గొడవే చాందా రైల్వే వివాదం. షరతులు జనం ముందు పెట్టి చర్చించమని హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు గట్టిగా అడిగారు. వాళ్లలో ముందు నిలిచిన అఘోరనాథ్ చటోపాధ్యాయను ఉద్యోగం నుంచి తప్పించి, రాజ్యం దాటించారు. సరోజినీ నాయుడు పేరు తెలియని పిల్లలుండరు. ఆవిడ తండ్రి అయిన ఈ అఘోరనాథ్‌ను రైలు లెక్కలు అడిగినందుకు వెళ్లగొట్టారంటే పెద్దవాళ్లు కూడా నిజమా అంటారు. ఆ రైల్వేను నిజాం సర్కారు తిరిగి కొనుక్కున్నది 1930లో.

3. స్టేషన్‌ను వెనక వైపు నుంచి కూడా చూడండి. ముందు వైపు రెజిమెంటల్ బజారు, మోండా మార్కెట్, గడియార స్తంభం, ఎదురుగా ఆల్ఫా హోటల్. ఇవి అందరికీ తెలుసు. రైళ్లను నడిపించిన మనుషులు మాత్రం వెనక ఉన్నారు. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. దాని సైరన్ మోతను బట్టే మా గల్లీలో పొయ్యి వెలిగేది, పిల్లలు లేచేవాళ్లు. మా నాయన గేటు దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకుని లోపలికి పోయేవాడు. బిళ్ల అందకపోతే ఆ పూట హాజరు లేనట్టే. సాయంత్రం ఇంటికొచ్చి కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడుక్కున్నా గోళ్ల కింద నలుపు పోయేది కాదు. మెట్టుగూడ క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల ఇళ్లు, పక్కనే తమిళం మాట్లాడే గార్డుల ఇళ్లు. క్రిస్మస్ కేకు మా ఇంటికి వచ్చేది, బోనాల నాడు మా అమ్మ వండిన పాయసం వాళ్లింటికి పోయేది. స్టేషన్ చరిత్ర రాసేవాళ్లు ఈ గల్లీల్లో తిరగకుండా రాయొద్దని నా విన్నపం.

4. ఒకప్పుడు ఇక్కడి పట్టాలన్నీ ఒకే వెడల్పువి కావు: మన్మాడ్ వైపు పోయే లైను మీటర్ గేజీ, వాడి లైను బ్రాడ్ గేజీ. ఒకదాని డబ్బా ఇంకోదాని మీద పోయేది కాదు. గేజీ మారిన చోటల్లా బస్తాలను హమాలీలు వీపు మీద మోసి ఇటు నుంచి అటు వేసేవాళ్లు.

5. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాద్ దానికి కేంద్రమైంది. అప్పుడు విజయవాడ, హుబ్లీ, షోలాపూర్ డివిజన్లు కూడా దీని కిందికే వచ్చాయి. ఆఫీసుకు తెలుగు, కన్నడం, మరాఠీ కలిసి వచ్చాయి. ఇక్కడి బతుకు ఇన్ని భాషల్లో నడవడం వెనక ఈ కొలువులున్నాయి.

6. 2025లో స్టేషన్ పాత కమానుల ముఖద్వారాన్ని కూల్చారు. దాదాపు 700 కోట్ల రూపాయల పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఇంత రద్దీకి కొత్త కట్టడం కావాల్సిందే, కాదనను. కానీ ఆ కమానుల్లో ఒక్కటన్నా నిలిపి, పక్కన నాలుగు తరాల కార్మికుల పేర్లు చెక్కిస్తే ఎంత బాగుండేది! ఇప్పటికీ మించిపోలేదు, వర్క్‌షాపు హాజరు పుస్తకాలు వెతికి తీయాలి.

7. ప్రయాణానికి వచ్చేవాళ్లకు రెండు మాటలు. ఆటో ఎక్కగానే ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపా, పదో నంబరు ఉన్న బోయిగూడ వైపా చెప్పండి. తప్పు వైపు దిగితే సామాను పట్టుకుని వంతెన ఎక్కి దిగాలి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అటు మారాయి. ఇంట్లోంచి కదిలే ముందే టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోండి.